బర్రెకు నీళ్లు పెట్టొస్త

కరోనా లాక్‌డౌన్‌కు మా ఆఫీసుకు తాళం పడిన రోజు నేను నా గదికి మోసుకొచ్చినవి మూడు. ఒక ట్యాబ్, గోనెసంచి నిండా కాగితాల ఫారాలు, రెండు అట్టపెట్టెల ఖాళీ తెమడ డబ్బాలు. మెదక్ బస్టాండుకు నాలుగు సందుల అవతల, ఒక మేడ మీద గది, దానికి ఆనుకుని స్టవ్వు పట్టేంత వంటిల్లు. డబ్బాల పెట్టెలు మంచం కిందికి తోస్తుంటే మా ఓనరమ్మ మెట్ల మీద నిలబడి చూసింది.

"ఏందమ్మా గవి? గా రోగం గిట్ల పట్టుకొచ్చినవా నా ఇంట్లకు?"

"ఉత్త డబ్బలమ్మా. ఖాళీయి."

"ఇయ్యాల ఖాళీగుంటయి. రేపు నింపుతవు గద!"

నేను రెండో పెట్టె కూడా మంచం కిందికి తోశాను. మర్నాటికి మెట్ల కింద బ్లీచింగ్ నీళ్ల బకెట్టు వెలిసింది. నేను దిగినా ఎక్కినా అందులో కాళ్లు ముంచాలి. అప్పటినుంచి ఆమె నాతో మాట్లాడిందంటే కిందినుంచి పైకి, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని అరుపే. నాది కరోనా పని కాదు, టీబీ మీద పరిశోధన అని ఒకరోజు వివరంగా చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది. బకెట్టులో పౌడరు ఇంకా ఎక్కువైంది.

మా పరిశోధన గురించి రెండు ముక్కలు చెప్పాలి, లేకపోతే నేను చేసిన తప్పేమిటో తెలియదు. టీబీ మందులు పూర్తిగా వాడి బాగైనవాళ్లలో కొందరికి జబ్బు తిరగబెడుతుంది. మళ్లీ దగ్గు మొదలైన రోజుకూ, మేము దాన్ని పట్టుకున్న రోజుకూ మధ్య ఎన్ని రోజులు పోయాయన్నదే మా లెక్కంతా. తొందరగా పట్టుకుంటే మనిషి మళ్లీ మందులతో నిలబడతాడు. ఆలస్యమైతే ఊపిరితిత్తి పుచ్చిపోతుంది, తరవాత ఎన్ని మందులు మింగినా పోయింది పోయినట్టే. రేగోడ్ నుంచి కౌడిపల్లి దాకా ఊళ్లు తిరిగి, ఇళ్లలో కూర్చుని, దగ్గుందా అని అడగడం నా ఉద్యోగం. చదివింది పెద్ద చదువే, చేసేది మాత్రం ఊరందరి దగ్గులు వినడం.

ఈ పని నాకు నేర్పిన ముసలి సారు ఒకాయన ఉండేవాడు. నేను చేరిన ఏడాదికి రిటైరయ్యాడు. ఆయన పద్ధతి ఇది. ఇంట్లోకి పోగానే దగ్గు సంగతి అడగాలి, కానీ జవాబు రాయకూడదు. వాళ్లు చాయ్ పెడతామంటే వద్దనకూడదు. పొయ్యి అంటుకుని, చాయ్ మరిగి, తాగి, గ్లాసు కింద పెట్టేదాకా ఊరి ముచ్చట్లు పెట్టుకుని కూర్చోవాలి. ఆ తరవాతే రాయాలి. "నోరు అబద్ధమాడుతది గని ఛాతి అబద్ధమాడది. ఒక్క చాయ్ సేపు ఎవ్వడు దగ్గు ఆపుకోలేడు" అనేవాడు. టీబీ వచ్చినవాళ్లు దగ్గును దాస్తారు, పనికి పిలవరని, పెళ్లిలో పక్కన కూర్చోరని. కరోనా వచ్చాక మరీ దాచారు, దగ్గితే చాలు అంబులెన్సు ఎక్కించుకుపోతారని. సారు మాట విని ఇంటింటికీ చాయ్ తాగి నాకు గ్యాస్ పట్టుకుంది గానీ ఆయన లెక్క ఎన్నడూ తప్పలేదు.

ఇప్పుడు ఇంటినుంచి పని అన్నారు. ఇక చాయ్ ఎక్కడిది? హైదరాబాద్ నుంచి ఒక పేజీ పంపారు. ఫోనులో దాన్ని పొల్లుపోకుండా చదవాలి. "రెండు వారాలుగా దగ్గు ఉన్నదా? సాయంత్రం పూట జ్వరం ఉన్నదా? ఆకలి మందగించినదా?" చివర్న ఒక ముక్క. "పై లక్షణములలో ఏదైనా ఉన్నచో మీ కేసు డాక్టరు గారికి అప్పగించబడును. ఈ ఫోన్ కాల్స్ అంతటితో నిలిపివేయబడును." ఆ 'బడును'లు రాసిన మహానుభావుడు ఎదురుపడితే అడుగుదామనుకునేదాన్ని, నాయనా, నువ్వు మీ ఇంట్లో ఇట్లాగే మాట్లాడతావా అని. ఎవరికి చదివినా లేదు, లేదు, లేదు అనేవాళ్లు. నెల తిరిగేసరికి నా ట్యాబ్ ప్రకారం మెదక్ జిల్లాలో దగ్గేవాడు ఒక్కడూ మిగల్లేదు.

మీటింగులో ఈ మాట చెప్పాను. ఎట్లాగూ తూకం వేసి మనిషి చిక్కిందా లేదా చూడలేకపోతున్నాం, ఆడవాళ్లని కనీసం రైక వదులైందా అని అడుగుదామన్నాను. "అది ప్రోటోకాల్‌లో లేదు కదా" అంది మా పెద్ద మేడమ్. ఆమె హైదరాబాద్‌లో తన ఫ్లాట్‌లో, కెమెరా ఆపేసుకుని. అందరం ఆపేసుకునేవాళ్లం, తెర మీద నల్లటి గళ్లు తప్ప మొహాలు లేవు. నాకు ఒళ్లు మండి మీటింగు నడుస్తుండగానే లేచి వెళ్లి బట్టలు పిండుకున్నాను. ఆరేసి వచ్చేసరికి అయిపోయింది. నేను లేనన్న సంగతి ఎవరూ చూసుకోలేదు.

మా ఇల్లు వరంగల్ దిక్కు. పాసు దొరికితే వస్తానని అన్నకు ఫోన్ చేశాను. ఆయన ఊఁ, ఊఁ అని ఫోను వదిన చేతికిచ్చాడు. "ఏమనుకోకమ్మా. నువ్వు దవాఖాన్ల మనుషులల్ల తిరిగేదానివి. ఇంట్ల చిన్న పిలగాండ్లున్నరు" అంది. ఏమనుకోకుండా ఎట్లా ఉంటాను? బాగా అనుకున్నాను. అనుకుని, కడుపు మాడ్చుకుని, మేడ మీద నీళ్ల ట్యాంకు పక్కన కూర్చుని, గుట్ట మీది ఖిల్లాను చూశాను. కింద రోడ్డు మీద కుక్కలు తప్ప ఎవరూ లేరు. చెప్పుకునే సిగ్గేముంది, ఆ రోజుల్లో నేను చాలా ఏడ్చాను.

అట్లాంటప్పుడు దొరికింది ఆమె. మా కాగితాల్లో మనుషులకు పేర్లుండవు, అంకెలుంటాయి. ఆమె కూడా ఒక అంకె. ఊరు రేగోడ్ అవతల. బడిలో మధ్యాహ్నం భోజనం వండేది. యాభై దాటాయి, మొగుడు ఎప్పుడో పోయాడు, బిడ్డను కౌడిపల్లి దిక్కు ఇచ్చింది. టీబీ వచ్చి, ఆరునెలలు మందులు మింగి, బాగై, మళ్లీ బడిలో గంటె పట్టింది. తాళాలు పడకముందు ఒకసారి ఆమె ఇంట్లో కూర్చుని ఫారం నింపాను. ఫోనులో మొదటిసారి కాగితం చదవబోతే రెండో వాక్యానికే ఆపేసింది.

"అగో, గదేం మాట్లాడుడు బిడ్డా, రేడియో లెక్క! తిన్నవా ముందు?"

మధ్యాహ్నం మూడు దాటింది. నేను తినలేదు. ఆ సంగతి ఆమె అడిగేదాకా నాకే తెలియదు.

"ఒక్కదానికి వండుకోబుద్ధి కాలేదు పెద్దమ్మా."

"నాకు గంతే. బడి నిండ పిలగాండ్లకు వండిన చెయ్యి ఇది. ఇప్పుడు ఒక్క గిన్నెల ఒక్కదానికి ఉప్పు ఎంతెయ్యాల్నో తెలుస్తలేదు. రోజు ఎక్కువే పడుతుంది. తాగి తాగి కుండల నీళ్లు ఒడుస్తున్నయి."

ఎన్ని రోజులకో నవ్వాను. సారు పద్ధతిని ఫోనులో పెడితే ఎట్లా ఉంటుందన్న ఆలోచన అప్పుడే వచ్చింది. రేపు నాలుగింటికి మళ్లీ చేస్తాను, నీ పొయ్యి మీద నువ్వు చాయ్ పెట్టుకో, నా స్టవ్వు మీద నేను పెట్టుకుంటాను, ఫోను పక్కన పెట్టుకుని తాగుదాం అన్నాను.

"ఫోన్ల చాయా? గిదేం కథనే తల్లీ!" అంది. కానీ మర్నాడు నాలుగింటికి మొదటి రింగుకే ఎత్తింది.

ఇదంతా పరిశోధన కోసమేనని నాకు నేను చెప్పుకున్నాను. రూలు ప్రకారం మనిషికి పదిహేను రోజులకొక ఫోను. ఆమెకు వారానికొకటి చేశాను, తరవాత రోజు విడిచి రోజు. మిగతావాళ్లెవరితోనూ ఫోనులో చాయ్ తాగలేదు. ఎందుకు తాగలేదని ఎవరైనా అడిగితే టైము లేదని చెప్పేదాన్ని. నిజానికి నా దగ్గర టైము తప్ప ఇంకేమీ లేదు.

పుల్లలు విరవడం, చాయ్ పొంగితే ఊదడం, గ్లాసులోకి వడబోయడం, అన్నీ వినపడేవి. పచ్చిపులుసులో ఉల్లిగడ్డ ఎట్లా పిసకాలో ఫోనులోనే నేర్పింది. ఓనరమ్మ బకెట్టు సంగతి చెబితే పగలబడి నవ్వింది. "పోనియ్యే. గా నీళ్లల్ల ముంచి ముంచి పాదాలు తెల్లగైతయి. మంచి సంబంధమొస్తది" అంది. పదిహేను రోజులకొకసారి చివర్లో నేను రేడియో గొంతుతో కాగితం చదివేదాన్ని, ఆ 'నిలిపివేయబడును' దాకా. ఆమె లే, లే, లే అనేది. గబగబా గళ్లు నొక్కేసి మళ్లీ ముచ్చట్లలో పడేదాన్ని.

ఆదివారాలు ఫోన్లు ఉండవు. ఒకసారి శనివారం సాయంత్రం నుంచి సోమవారం పొద్దున దాకా నా నోటినుంచి ఒక్క మాట బయటికి రాలేదు. సోమవారం మొదటి ఫోను చేస్తే గొంతు జీరపోయి, అవతలివాడు "ఎవరు సారు?" అన్నాడు. నవ్వు రావాల్సిన మాట, గుండెలో గుచ్చుకుంది. నాలుగింటికి ఆమె "ఏమైంది బిడ్డా, గొంతు గట్లుంది?" అనగానే ఏడ్చేశాను. వెక్కుతూ, ముక్కు చీదుకుంటూ, మర్యాద లేకుండా.

"నాతోని నువ్వొక్కదానివే మాట్లాడుతున్నవ్ పెద్దమ్మా. నీ ఫోన్ గూడ లేకపోతే నేనీ గదిల పిచ్చిదాన్నైత."

"ఓ పిచ్చిదానా! నేనేడికి పోత? ఈడనే ఉన్న గద. చాయ్ సల్లారుతుంది, తాగు."

తాగాను. బుధవారం మళ్లీ చేశాను. చాయ్ మధ్యలో ఆమె "జర ఆగు బిడ్డా, బర్రె ఒర్రుతుంది. నీళ్లు పెట్టొస్త" అని ఫోను అక్కడే పెట్టి పోయింది. బర్రె అరుపు నాకు వినపడలేదు, దాని గురించి నేను ఆలోచించనూ లేదు. కాసేపటికి వచ్చి కూర్చుని ముచ్చట ఎక్కడ ఆపిందో అక్కడే ఎత్తుకుంది. ఆ తరవాత నేను చేసిన ప్రతిసారీ బర్రెకు దాహమైంది. మొదట ఒకసారి, పోనుపోను రెండుసార్లు, మూడుసార్లు. "ఎండలు గద" అనేది. ఎండలే మరి. "నీ బర్రెకు నా ఫోనంటే పడదు పెద్దమ్మా" అని ఎగతాళి చేసేదాన్ని. కాగితం చదివితే మాత్రం లే, లే, లే.

ఎండలు ఇంకా తగ్గకముందే మేడమ్ ఒక పని చెప్పింది. పాత ఫారాల్లో ఉన్న ఇంటి వివరాలన్నీ ట్యాబ్‌లోకి ఎక్కించాలి. కప్పు పెంకులా రేకులా, టీవీ ఉందా, సైకిలుందా, పశువులెన్ని. గోనెసంచి బోర్లించి నేల మీద కూర్చున్నాను. మూడోరోజు పొద్దున పది గంటలప్పుడు ఆమె ఫారం చేతికొచ్చింది. పశువులు అన్నచోట సున్నా. పక్కన మార్జిన్‌లో నా చేతిరాతే. "బర్రె ఉండేది. జబ్బుతో ఉన్నప్పుడు అమ్మేసింది. కొట్టం ఖాళీ."

కొత్తది కొన్నదేమో అనుకున్నాను. బడి మూతపడ్డ మనిషి, సంతలు మూసిన కాలంలో, బర్రెను కొన్నదా? పక్కింటివాళ్లదేమో అనుకున్నాను. పక్కింటి బర్రెకు తన చాయ్ వదిలేసి ఈమె ఎందుకు నీళ్లు పెడుతుంది?  నాలుగింటి దాకా ఆగలేక అప్పుడే ఫోన్ చేశాను.

"గీ యాళ్లప్పుడేంది బిడ్డా? పానం మంచిగుందా?"

"పెద్దమ్మా, మీ బర్రె ఎన్ని పాలిస్తది?"

ఫారంలోని సున్నా మీద వేలు పెట్టుకుని మళ్లీ నేనే అన్నాను.

"నేను రాసుకున్న కాగితం నా చేతులనే ఉంది. నీకు బర్రె లేదు."

ఏదో అనబోయింది. మాటకు బదులు దగ్గు వచ్చింది. ఆ పూట నా ఫోను వస్తుందని ఆమె అనుకోలేదు, లేచి పోయే వ్యవధి దొరకలేదు. నేను ఎన్నో దగ్గులు విన్నాను. చుట్ట దగ్గేదో, ఉబ్బసం దగ్గేదో చెవితో చెప్పగలను. ఇది లోతునుంచి, తడిగా, ఆగిందనుకుంటే మళ్లీ మొదలయ్యే దగ్గు. అది ఆగేదాకా ఫోను చెవికి అదిమిపట్టి కూర్చున్నాను.

"ఎన్నొద్దులాయె?"

"వస్తది, పోతది. వట్టి దగ్గు బిడ్డా."

"ఎందుకు దాసినవ్?" అని అరిచాను. కింద ఓనరమ్మ గిన్నెల చప్పుడు కూడా ఆగిపోయింది. "ఆర్నెల్లు మందులు మింగినదానివి, నీకు తెల్వదా? చిన్నపిల్లవా?"

"భయమైంది" అని ఫోను పెట్టేసింది.

మేడమ్‌కు చేశాను. ఎవరూ ఇళ్లకు పోకూడదని ఆఫీసు ఆర్డరు. ఆమె నేను చెప్పిందంతా వింది. తరవాత, "నువ్వు నన్ను అడగలేదు, నేను వద్దనలేదు. మాస్కు రెండు పెట్టుకో" అంది. ప్రోటోకాల్‌లో లేని మాట ఆమె నోట వినడం అదే మొదటిసారి.

మంచం కింది పెట్టె లాగి డబ్బాలు సంచిలో వేసుకున్నాను. మెట్ల కింద బకెట్టులో కాళ్లు పెట్టలేదు. ఓనరమ్మ చూసింది. తిడుతుందనుకున్నాను. "పైలం బిడ్డా" అంది. చౌరస్తాలో పోలీసాయన నా స్కూటీకి కర్ర అడ్డం పెట్టి సంచిలో ఏమున్నాయని అడిగాడు. తెమడ డబ్బాలు, టీబీవాళ్లవి అన్నాను. రెండడుగులు వెనక్కి వేసి, "పోండ్రి, పోండ్రి" అన్నాడు.

ఆమె అరుగు మీద గోడకానుకుని కూర్చుని ఉంది. నన్ను చూసి చెయ్యి అడ్డం పెట్టింది. "ఆడనే ఆగు. దగ్గరికి రాకు." రైక భుజం మీదినుంచి జారకుండా పిన్నీసు పెట్టుకుంది. ఆ రైక సంగతి నేను ఫోనులో ఒక్కసారైనా అడగలేదు. కొట్టం తలుపు తీసే ఉంది. లోపల గుంజ దగ్గర ఒక పీట, పక్కన బూడిద పోసిన చిప్ప. నేను ఫోను పట్టుకుని ఎదురుచూసిన నిమిషాలన్నీ ఆమె ఆ పీట మీద కూర్చుని దగ్గింది.

డబ్బాలు అరుగు చివర పెట్టి దూరం జరిగాను. ఆమె ఒకటి తీసుకుని కొట్టంలోకి పోయి తెమడ పట్టి తెచ్చింది. మూత బిగించి, సంచిలో పెట్టి, చేతులు కడుక్కున్నాను. ఆమె పొయ్యి అంటించింది. నా గ్లాసు అరుగు ఆ చివర పెట్టి తాను ఈ చివర కూర్చుంది.

"తీస్కపోయి యాడనో పడేస్తరని భయపడ్డవా?" అని అడిగాను.

"గా భయం నాకెందుకు? ఒకపాలి సావు దాకా పోయొచ్చినదాన్ని." కొంగు నోటికి పెట్టుకుని ఒక దగ్గు దగ్గి, ఊపిరి తీసుకుంది. "నువ్వే గద బిడ్డా సదివినవ్. దగ్గుందంటే డాక్టర్‌కు అప్పజెప్తరు, ఇగ ఫోన్ చెయ్యరని. గా సోమారం నువ్వు గట్లేడిస్తివి. నాకంటే ఊరుంది, గోడ మీదికెళ్లి ఎవరో ఒకరు పలుకరిస్తరు. నీకెవరున్నరే? లాక్‌డౌన్ తీసేదాక నీ దినాలు ఎళ్లనియ్యి, అటెనుక చెప్దామనుకున్న."

నా గ్లాసు అరుగు చివర అట్లాగే ఉంది.

"చాయ్ సల్లారుతుంది" అంది. "తాగు."

పరీక్ష మండలం దవాఖానాలో చేశారు. జబ్బు తిరగబెట్టింది. మందులు మళ్లీ మొదలయ్యాయి, మొదటివాటికంటే కఠినమైనవి. ఆమె బతికింది. ముందే దెబ్బతిని ఉన్న ఎడమ ఊపిరితిత్తి మాత్రం సగం పైగా పోయింది. బడులు తెరిచాక అన్నం గుండిగ దించే సత్తువ లేక గంటె ఇంకొకామెకు అప్పజెప్పింది. నేను ఇప్పటికీ నాలుగింటికి ఫోన్ చేస్తాను, నా సొంత ఫోనునుంచి. మాట మధ్యలో ఊపిరి కోసం ఆగుతుంది, నేనూ ఆగుతాను. ఆ కాగితం ఆఫీసుది, నువ్వు దగ్గినా మూలిగినా నేను ఫోన్ చేస్తూనే ఉంటాను అని ఆ సోమవారం ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోయేది. అప్పుడు నాకు నా ఏడుపు తప్ప ఇంకేదీ తోచలేదు.

ఆమె అంకె కింద చివరి పేజీ నింపాల్సి వచ్చింది. దగ్గు మొదలైన తేదీ ఏమిటంటే తనకు గుర్తులేదంది. నాకు తెలుసు. ఫోను లిస్టు తీసి, ఆ సోమవారం తరవాతి బుధవారం వేశాను. ఆలస్యం ఎన్ని రోజులో ట్యాబ్ తనే లెక్క కట్టుకుంది. కారణం అన్నచోట వరసగా గళ్లున్నాయి, భయం, దూరం, ఖర్చు, నిర్లక్ష్యం, ఇతరాలు. ఇతరాలు నొక్కితే వివరం రాయమని చిన్న గడి తెరుచుకుంది. "పరిశోధకురాలు ఒంటరిగా ఉన్నందుకు" అని రాశాను. ట్యాబ్ ఏ అభ్యంతరమూ చెప్పకుండా తీసుకుంది. మేడమ్ కూడా దాన్ని మార్చలేదు.